చూసిన దారే మళ్లీ కొత్తగా కనిపిస్తుంటే...

పేరు, బ్యాంకు పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె వయసు 39 ఏళ్లు. కోనసీమలోని ఒక పల్లెలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక హైదరాబాదులో స్థిరపడ్డారు. బ్యాంకులో గృహరుణాల విభాగంలో పనిచేస్తున్నారు. లెక్కల్లో పొరపాటు రానివ్వరని, ఖాతాదారుల పేర్లు ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారని శాఖలో మంచి పేరుంది. అయితే చిన్నప్పటి నుంచీ ఆమెకు దారులు గుర్తుండవు. "డాక్టరు గదిలోంచి బయటికి వస్తే ఎటు తిరగాలో తెలియదు. షాపింగ్ మాల్‌లోకి ఒక గుమ్మంలోంచి వెళ్లి మరో గుమ్మంలోంచి బయటపడితే బండి ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూనే ఉంటాను. వెళ్లిన దారినే తిరిగి వస్తున్నా, అది నేనెన్నడూ చూడని రోడ్డులా కనిపిస్తుంది" అని రాశారు. ఆఫీసుకు మాత్రం తడబడకుండా వెళతారు: మెట్రో మెట్లు దిగగానే టిఫిన్ బండి, దాని తర్వాత మందుల షాపు, ఆ పక్క సందు. టిఫిన్ బండి రాని రోజున మాత్రం సందు దాటి చాలా దూరం వెళ్లిపోతారట.

భర్త స్కూటరు వెనక కూర్చుని లెక్కలేనన్నిసార్లు వెళ్లిన ఆడపడుచు ఇంటికి కూడా ఆమె ఒంటరిగా వెళ్లలేరు. "ఆడవాళ్లకు దారులెక్కడ తెలుస్తాయిలే" అని ఆయన నవ్వేస్తారు. "పల్లెటూరి పిల్ల కదా" అని అత్తగారు సరిపెడతారు. పదేళ్ల పాప "అమ్మా, ఇటు కాదు, అటు" అని చెయ్యి పట్టి తిప్పినప్పుడు మాత్రం ఆమెకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఈ మధ్య ఒక సాయంత్రం తెలియని కాలనీలో ఫోను ఆగిపోయి, ఆటో వాళ్లను అడుగుతూ పొద్దుపోయాక ఇల్లు చేరారు. ఇప్పుడు రుణానికి దరఖాస్తు చేసినవారి ఇళ్లను స్వయంగా చూసి నివేదిక ఇచ్చే బాధ్యత ఆమెకు ఇస్తామంటున్నారు. వచ్చే నెలాఖరులోగా జవాబు చెప్పాలి. అది పై మెట్టుకు దారితీసే పని. ఇంతలో మరో దిగులు వచ్చి పడింది. ఊళ్లో ఉన్న 74 ఏళ్ల తండ్రి, విశ్రాంత ఉపాధ్యాయుడు, నాలుగు నెలల్లో రెండుసార్లు గుడి నుంచి ఇంటికి దారి తప్పారు. "వయసు కదా" అని తల్లి అంటున్నారు. "నాన్నకు వచ్చిన జబ్బే నాకు చిన్నప్పటి నుంచి ఉందా? ఈ పని ఒప్పుకోనా, వద్దా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఇబ్బంది, నాన్నగారి పరిస్థితి, ఉద్యోగం: ఈ మూడూ మీ మనసులో ఒకే ముడిగా పడిపోయాయి. వీటిని విడదీస్తే సగం భయం తగ్గుతుంది. ముందుగా నాన్నగారి సంగతి చూద్దాం, ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అదొక్కటే.

దారి తప్పడం గురించి వైద్యులు మొదట అడిగే ప్రశ్న, అది ఎప్పుడు మొదలైందని. మీది బాల్యం నుంచి ఉన్నది. మీరు రాసిన దాన్ని బట్టి ఇన్నేళ్లలో పెరగలేదు. నాన్నగారిది జీవితమంతా తడుముకోకుండా నడిచిన ఊళ్లో కొత్తగా వచ్చిన మార్పు. అల్జీమర్స్ వ్యాధి మెదడులో తొలినాళ్లలోనే దెబ్బతీసే చోట్లలో హిప్పోకాంపస్, దాన్ని ఆనుకుని ఉన్న భాగం ముఖ్యమైనవి. దారులను, స్థలాలను గుర్తుంచే పని ఎక్కువగా సాగేది కూడా అక్కడే. కాబట్టి తెలిసిన చోట దారి తప్పడం ఆ వ్యాధికి తొలి సూచనల్లో ఒకటి కావచ్చు. అలాగని అదే అని తీర్మానించుకోకండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తేడా, రక్తంలో సోడియం తగ్గడం, కొన్ని నిద్రమాత్రలు, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బ వల్ల లోపల నెమ్మదిగా రక్తం చేరడం, చివరికి ముదిరిన కంటి శుక్లాలు కూడా పెద్దవారిని ఇలా తికమకపెట్టగలవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది, అందుకే "వయసు కదా" అని ఊరుకోవడం నాకు సరిగా తోచడం లేదు. ఈ నెలలోనే ఒక న్యూరాలజిస్టుకు చూపించండి. వెళ్లే ముందు, ఏ రోజున ఏ మలుపు దగ్గర తప్పారు, అప్పుడు ఏమన్నారు, ఎవరు ఇంటికి తెచ్చారు అన్నవి అమ్మగారిని అడిగి కాగితం మీద రాసుకోండి. ఆయన వాడే మందుల పట్టీలన్నీ వెంట తీసుకువెళ్లండి. ఈలోగా గుడికి వెళ్లడం మాన్పించకండి. ఎవరినైనా తోడు పంపండి, చొక్కా జేబులో పేరూ ఫోన్ నంబరూ ఉన్న చీటీ పెట్టించండి. నడక మానేసి ఇంట్లో కూర్చుంటే ఆయనకు ఉత్సాహం తగ్గుతుందే తప్ప దారి గుర్తు రాదు.

మీ ఇబ్బంది ఆయన జబ్బుకు తొలిమెట్టు అనుకోవడానికి మీ ఉత్తరంలో ఆధారమేమీ నాకు కనబడలేదు. ఎప్పుడైనా అది ఉన్నట్టుండి ముదిరితే, అంటే టిఫిన్ బండి, మందుల షాపు చూసి కూడా సందు గుర్తుపట్టలేని రోజు వస్తే, అప్పుడు మీరూ వెంటనే వైద్యుణ్ణి కలవాలి. అంతవరకు ఆ భయాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక మీ సంగతి. దారి తెలియడం ఒక్క శక్తి కాదు, కొన్ని శక్తులు కలిసి చేసే పని. జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త 1971లో ఎలుకల మెదడును పరిశీలిస్తూ, హిప్పోకాంపస్‌లోని ఒక్కో కణం ఎలుక గదిలో ఒక్కో చోటికి చేరినప్పుడు మాత్రమే చురుకవుతుందని గమనించారు. మే బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ దంపతులు 2005లో, దూరాలను కొలుస్తున్నట్టుగా క్రమమైన ఎడంతో స్పందించే మరో రకం కణాలను కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. తల ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే కణాలు వేరే ఉన్నాయి. అంటే "నేను ఎక్కడున్నాను", "ఎటు తిరిగి ఉన్నాను", "ఎంత దూరం వచ్చాను" అన్న ప్రశ్నలకు మెదడు వేర్వేరుగా జవాబు కట్టుకుని, వాటన్నిటినీ కలిపి ఒక చిత్రం తయారుచేస్తుంది. కొందరికి శ్రుతి పట్టుబడనట్టే కొందరికి ఈ చిత్రం సరిగా కుదరదు. దానికీ తెలివితేటలకూ సంబంధం లేదు.

మీరు ఆఫీసుకు వెళ్లే తీరు చూస్తే, ఒక గుర్తు తర్వాత మరో గుర్తు అన్న వరుస మీకు బాగానే పట్టుబడుతుంది. ఆ వరుసలో ఒక్కటి జారిపోయినా, ఎదురు దిశ నుంచి వచ్చినా పట్టు తప్పిపోతోంది. పైనుంచి చూసినట్టుగా ఊరి చిత్రం మనసులో ఏర్పడినవారికి టిఫిన్ బండి లేకపోయినా తేడా రాదు. 2009లో జుసెప్పే ఇయారియా అనే మెదడు పరిశోధకుడు, ఆయన సహచరులు కెనడాలో ఒక మహిళ గురించి రాశారు. ఆమె మెదడుకు దెబ్బ తగలలేదు, జబ్బు లేదు, తెలివికి లోటు లేదు. అయినా చిన్నప్పటి నుంచి ఆమె మనసులో అలాంటి చిత్రం ఏర్పడలేదు. ఆ తర్వాత అలాంటివారు మరెందరో బయటపడ్డారు. మీకు అదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పకూడదు. కానీ ఇలా పుట్టుకతోనే ఉండే అవకాశం ఒకటుందని తెలిస్తే, ఉత్తరంలో మిమ్మల్ని మీరు "మొద్దు" అని తిట్టుకున్న వాక్యాన్ని కొట్టివేయగలుగుతారు.

మీ ఇంట్లో వినిపించే రెండు మాటలకూ సమాధానం ఉంది. 2016లో విడుదలైన ఒక మొబైల్ ఆట ద్వారా ప్రపంచమంతటా లక్షలమంది దారి వెతికే తీరును పరిశోధకులు గమనించారు. 38 దేశాలకు చెందిన సుమారు 4 లక్షల మంది ఫలితాలను 2022లో ప్రకటించినప్పుడు, నగరాల బయట పెరిగినవారే సగటున మెరుగ్గా దారి కనుక్కున్నట్టు తేలింది. కాబట్టి పల్లెటూరు మీకు అడ్డు కాదు. అదే ఆట మీద 2018లో వెలువడిన పరిశీలనలో స్త్రీ పురుషుల మధ్య తేడా కనిపించిన మాట నిజమే. అయితే స్త్రీ పురుష సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ తేడా తక్కువగా ఉంది. ఇది మన ఇళ్లకు బాగా వర్తిస్తుందని నా నమ్మకం. మగపిల్లవాడు సైకిలు వేసుకుని కాలువ గట్టు వెంట ఊరూరూ తిరిగి వస్తాడు. ఆడపిల్ల నాన్న సైకిలు మీద, ఆ తర్వాత భర్త స్కూటరు మీద వెనక కూర్చుని వెళుతుంది. ఎక్కడ తిరగాలో తాను నిర్ణయించని మనిషికి ఆ మలుపు మనసులో నిలవడం కష్టం. మీరు ఆడపడుచు ఇంటికి లెక్కలేనన్నిసార్లు వెళ్లారు. ఒక్కసారి కూడా దారి మీ చేతుల్లో లేదు.

అందువల్ల మీ ఇబ్బందిలో పుట్టుకతో వచ్చింది ఎంత, అభ్యాసం లేక ఏర్పడింది ఎంత అన్నది ఇప్పుడే తేలదు, అభ్యాసం చేసి చూస్తేనే తెలుస్తుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం సుమారు 25,000 వీధులను మూడు నాలుగేళ్లపాటు నేర్చుకుంటారు. మెదడు పరిశోధకురాలు ఎలినార్ మగ్వాయర్ బృందం 2000లో వారి హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరుల కన్నా పెద్దదిగా ఉందని చూపింది. 2011లో శిక్షణలో ఉన్నవారినే ముందూ తర్వాతా పరీక్షించినప్పుడు, ఉత్తీర్ణులైనవారిలో ఆ పెరుగుదల కనిపించింది. మీకు మరింత పనికొచ్చే విషయం ఇంకొకటుంది. రోజూ ఒకే దారిలో నడిపే బస్సు డ్రైవర్లలో టాక్సీ వారిలో ఉన్నంత పెరుగుదల లేదు. ఇన్నేళ్లుగా మీరు అదే సందులోంచి ఆఫీసుకు వెళ్లడం వల్ల ఊరు మీకు పరిచయం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అభ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ ఉద్యోగమే చూపిస్తోంది. మీ బల్ల మీదికి వచ్చే ప్రతి దస్తావేజులో ఆస్తికి నాలుగు హద్దులు రాసి ఉంటాయి: తూర్పున ముప్ఫై అడుగుల రోడ్డు, దక్షిణాన ఫలానావారి స్థలం, పడమర పార్కు, ఉత్తరాన ఫలానా ప్లాటు. కోనసీమలో మీ నాన్నగారి తరం ఇంటి లోపలి వస్తువును కూడా "తూర్పు గోడ పక్కన" అని చెప్పేవారు, మీరు అది వింటూ పెరిగారు. ఇళ్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఆ చెక్కుబందీని, అంటే నాలుగు హద్దుల వివరాన్ని, ముందుగా చదివి, కాగితం మీద నాలుగు గీతలతో గీసుకోండి. అక్కడికి చేరగానే ఇంట్లోకి వెళ్లకుండా రోడ్డు మీద ఒక నిమిషం నిలబడి, కాగితం మీది తూర్పును నిజమైన తూర్పు వైపు తిప్పుకోండి. ఎలాగూ హద్దులు సరిచూడటం మీ నివేదికలో భాగమే, కాబట్టి ఇది అదనపు పని కాదు. సరిగ్గా ఆ పని చేస్తుండగానే మీకు దిక్కు కూడా కుదురుతుంది.

నిజమైన తూర్పు ఎటు అన్న సందేహం హైదరాబాదులో సహజం. విశాఖపట్నంలో సముద్రం, విజయవాడలో కృష్ణా నది చెప్పినట్టు, ఈ నగరంలో ఎక్కడి నుంచైనా దిక్కు చెప్పే ఒక్క పెద్ద గుర్తు లేదు. ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అనే లెక్కలో ఉంటాయి. వీధి వెంట నడిస్తే వరుసగా రావు, కాబట్టి వాటిని నమ్ముకోకండి. పొద్దున, సాయంత్రం సూర్యుడు చాలు. మిట్టమధ్యాహ్నం మాత్రం, ముఖ్యంగా వేసవిలో, ఇక్కడ సూర్యుడు దాదాపు నెత్తిమీదే ఉంటాడు. అప్పుడు మేడల మీద టీవీ డిష్‌లు చూడండి. అవి మన దగ్గర తూర్పు, దక్షిణాల మధ్య ఎటో ఒక వైపు తిరిగి ఉంటాయి. మసీదులో నమాజుకు పడమర వైపు నిలబడతారు. మెట్రో కింద, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద స్తంభాల మీద అంకెలుంటాయి. నగరవాసులు చిరునామా చెప్పేది కూడా ఆ అంకెలతోనే. మీరు ఒక స్తంభం నుంచి తర్వాతి స్తంభానికి నడిస్తే అంకె పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది, అంటే టిఫిన్ బండి లేని రోజున కూడా ఎటు నడుస్తున్నారో అర్థమవుతుంది.

మీరు మాల్‌లో, ఆసుపత్రిలో, మెట్రో స్టేషన్లలో ఎక్కువగా తికమకపడటానికి కారణం ఉంది. కిటికీలు లేని చోట మెదడు తాను తిరిగిన మలుపులను కూడుకుంటూ దిక్కు నిలబెట్టుకోవాలి. ప్రతి మలుపులో చిన్న తప్పు చేరి, చివరికి పెద్దదవుతుంది. అమీర్‌పేట స్టేషన్లో రెండు మార్గాలు ఒకదాని మీద ఒకటిగా దాటుకుంటాయి. ఆ అంతస్తులు మారి, మెట్లు మడతలు తిరిగి కిందికి వచ్చేసరికి దారులు బాగా తెలిసినవారు కూడా ఒక క్షణం ఆగుతారు. మీరు నేరుగా నడక మొదలుపెడుతున్నారని అనిపిస్తోంది. మెట్ల చివర నిలబడండి, స్తంభం అంకె చూడండి, ఆ తర్వాత కదలండి. వెళ్లేటప్పుడు ప్రతి ముఖ్యమైన మలుపు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూడండి, ఎందుకంటే తిరుగుప్రయాణంలో మీకు కనిపించబోయేది ఆ దృశ్యమే. వెళ్లిన రోడ్డే కొత్తగా అనిపించడానికి ముఖ్య కారణం, దాన్ని ఆ వైపు నుంచి మీరు ఎన్నడూ చూడకపోవడం.

ఫోను మానేయమని నేను చెప్పను. కానీ బాణం చెప్పినట్టు తిరుగుతూ పోతే దృష్టి రోడ్డు మీద ఉండదు, అందువల్ల ఏమీ మిగలదు. బయలుదేరే ముందు మొత్తం దారిని ఒకసారి తెర మీద పెద్దది చేసి చూడండి. పటాన్ని ఎప్పుడూ ఉత్తరం పైకి ఉండేలా పెట్టుకోండి. వెళ్లేటప్పుడు ఫోను చెప్పింది వినండి, వచ్చేటప్పుడు మాట ఆపేసి, తప్పినప్పుడు మాత్రమే తెరవండి. ఆ ప్రాంతపు పటాన్ని ముందే ఫోనులో దించుకుని, పవర్‌బ్యాంకు సంచిలో పెట్టుకుంటే ఆనాటి సాయంత్రం మళ్లీ రాదు.

ఇప్పుడు ఉద్యోగం. ఈ పని వద్దని చెప్పవచ్చు, అందులో అవమానం లేదు. వెంటనే మనసు తేలికపడుతుంది. కానీ పై మెట్టు ఆలస్యమవుతుంది, పైగా తప్పించుకున్న కొద్దీ దారుల భయం పెరుగుతుంది. వెంటనే ఒప్పుకుని ఎవరికీ చెప్పకుండా ఫోను మీద నెట్టుకురావచ్చు. అది జరిగే పనే. కానీ ప్రతి ఇంటికీ ఆందోళనతో వెళ్లే మనిషి అక్కడ చూడవలసిన గోడలు, హద్దులు సరిగా చూడలేదు, నివేదికలో తప్పు దొర్లితే ఇబ్బంది మీకే. మేనేజరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, మొదటి కొన్ని వారాలు ఒకే ప్రాంతంలోని ఇళ్లు కేటాయించమని, మొదటిసారి వెళ్లేచోటికి ఎవరినైనా తోడు పంపమని అడగడం మూడో దారి. ఆయన అర్థం చేసుకోకపోతే మీ మీద ఒక ముద్ర పడే ప్రమాదం ఉంది. ఆయన స్వభావం తెలిసినది మీకే, కనుక చెప్పాలో వద్దో మీరే నిర్ణయించుకోండి. చెప్పదలచుకుంటే "నాకు దారులు తెలియవు" అని మొదలుపెట్టకండి. "కొత్త ప్రాంతం పట్టుబడటానికి నాకు కొంత సమయం పడుతుంది, దానికి ఇలా సిద్ధమవుతున్నాను" అని చెప్పండి. జ్ఞాపకం, ఆలోచన వంటి మెదడు పనులను పరీక్షించే న్యూరోసైకాలజిస్టు దగ్గర పరీక్షలు చేయించుకోవడమూ మీ చేతిలో ఉంది. దానివల్ల చికిత్స దొరుకుతుందని ఆశించకండి. మీలో ఏది బలం, ఏది బలహీనత అన్నది స్పష్టమవుతుంది, ఇంట్లోవారికి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. కొందరికి ఆ కాగితమే చాలా అవసరం.

మీవారు చెడ్డవారని మీ ఉత్తరం చెప్పడం లేదు. నవ్వడం మానమని అడిగే బదులు, ఆడపడుచు ఇంటికి వెళ్లేటప్పుడు స్కూటరు మీరు నడపండి, ఆయన వెనక కూర్చుంటారు. మీరు అడిగితే తప్ప దారి చెప్పకూడదన్న ఒక్క షరతు పెట్టండి. తప్పుదారి పట్టినా రెండు నిమిషాలు ఆగమనండి. ఆయన ఒప్పుకోకపోతే పాపను వెంటబెట్టుకుని నడిచి వెళ్లగల చోట్లతో మొదలుపెట్టండి. పాప చెప్పే దారిని వినడంలో చిన్నతనమేమీ లేదు. "ఎలా గుర్తుపట్టావు?" అని అడగండి. ఆమె చెప్పే గుర్తులు మీకు తోచనివి కావచ్చు, పైగా దారి చూసి నిర్ణయించుకునే అలవాటు ఆమెకు ఇప్పుడే పడుతుంది.

మేనేజరు గారికి జవాబు చెప్పడానికి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా మీ శాఖ పరిధిలో ఒక చిన్న కాలనీని ఎంచుకోండి. పాత ఫైళ్లలోంచి అక్కడి కొన్ని ఇళ్ల హద్దులు కాగితం మీద గీసుకుని, సెలవు రోజుల్లో పొద్దున పూట ఒక ఇంటి దగ్గరి నుంచి మరో ఇంటికి నడవండి. ఇంటికి వచ్చాక చూడకుండా ఆ వీధులు గీయండి. నాలుగైదు వారాల తర్వాత ఆ గీతలు కొంచెమైనా నిజానికి దగ్గరపడుతుంటే, పని ఒప్పుకోవడం గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. ఏమీ మారకపోతే, గుర్తుల వరుసను, స్తంభాల అంకెలను, ఫోనును నమ్ముకుని కూడా ఆ పని చేయగలరా అని మేనేజరు గారితో కలిసి లెక్క వేసుకోండి. అయితే ఇవన్నీ ఊరికి వెళ్లి నాన్నగారిని డాక్టరుకు చూపించి వచ్చిన తర్వాతే మొదలుపెట్టండి.